లీష్ వేయగానే మా కుక్క ఎందుకిలా మారిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో సోఫా పక్కన హాయిగా నిద్రపోయే కుక్క, లీష్ వేసి గేటు దాటించగానే ఎదురొచ్చిన ప్రతి కుక్క మీదకీ ఎగబడుతుంది. దాన్ని ఆపలేక యజమాని తల ప్రాణం తోకకొస్తుంది. వీధి కుక్కలున్న సందుల్లో, లిఫ్టులున్న అపార్ట్‌మెంట్లలో కుక్కను పెంచుకునేవాళ్ళు నన్ను అడిగే సందేహాలు చాలావరకు ఇవే. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేసరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. దశలవారీగా విడదీశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ముందు అర్థం చేసుకోవాల్సినవి

ఇంట్లో ఎంతో మంచిగా ఉంటుంది. లీష్ వేస్తేనే ఎందుకిలా చేస్తుంది?

కట్టు లేకుండా తిరిగే రెండు కుక్కలు ఎదురెదురుగా ముఖాముఖి నడిచి రావు. కాస్త వంపు తిరిగి, నేల వాసన చూస్తూ, పక్క నుంచి దగ్గరవుతాయి. నచ్చకపోతే తప్పుకుని పోతాయి. లీష్ ఈ రెండు దారులనూ మూసేస్తుంది. సన్నని సందులో మనం దాన్ని నేరుగా ఎదుటి కుక్క ముఖం వైపే నడిపిస్తాం. భయమేసినా పారిపోలేదు, పలకరించాలనిపించినా వెళ్ళలేదు. ఇక అది చేయగలిగింది గట్టిగా అరిచి ముందుకు దూకడమే. ఎదుటి కుక్క ఎలాగూ తన దారిన తాను పోతుంది. మీ కుక్కకు మాత్రం ‘నేను అరిచాను, అది పోయింది’ అనే లెక్క కుదురుతుంది. పొద్దునా సాయంత్రం ఇదే జరిగితే కొన్ని వారాల్లో అలవాటు గట్టిపడిపోతుంది. దీన్నే లీష్ రియాక్టివిటీ అంటారు.

అంటే మా కుక్క కోపిష్టిదా? కరుస్తుందా?

చాలా కుక్కల్లో దీని వెనక ఉండేది భయం, లేదా అనుకున్నచోటికి వెళ్ళలేకపోతున్నానన్న అసహనం. కొట్లాడాలన్న కోరిక తక్కువ. పెద్దగా మొరగడం అంటే ‘దూరంగా ఉండు’ అని చెప్పడం. అలాగని కరవదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆవేశంలో ఉన్న కుక్క వెనక్కి తిరిగి, లీష్ పట్టుకున్న మనిషి కాలినే పట్టేయడం జరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో దాని ముఖం దగ్గర చెయ్యి పెట్టి బెల్టు లాగకండి.

భయపడుతోందా, ఆడుకోవాలని ఆరాటపడుతోందా? తేడా ఎలా తెలుస్తుంది?

మొరగడం మొదలయ్యాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. దానికి ముందు కొన్ని క్షణాలు గమనించాలి. కారు కింద పడుకున్న వీధి కుక్క లేచి ఒళ్ళు విరుచుకుందనుకోండి. మీ కుక్కలో అన్నిటికంటే ముందు మారేది నోరు. అప్పటిదాకా తెరిచి వగరుస్తున్న నోరు ఠక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకు నిక్కుతాయి, లేదా పూర్తిగా వెనక్కి అణుగుతాయి. ఒళ్ళు బిగుసుకుంటుంది. కొన్ని కుక్కలు పెదవులు నాక్కుంటాయి, నిద్ర రాకపోయినా ఆవలిస్తాయి, తల తిప్పేసుకుని కంటి కొన నుంచి చూస్తాయి, అప్పుడు కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇవి భయానికి గుర్తులు.

ఆరాటం ఉన్న కుక్క కుయ్‌కుయ్‌మంటుంది, ముందుకాళ్ళు ఎత్తి లాగుతుంది, ఒళ్ళంతా ఊపుతుంది. లీష్ లేనప్పుడు, తెలిసిన కుక్కలతో బాగా ఆడుకునే కుక్క రోడ్డు మీద మాత్రం గోల చేస్తుంటే అది ఎక్కువగా అసహనమే. రెండూ కలిసి ఉన్న కుక్కలూ బోలెడు. ఒక్క జాగ్రత్త: తోక ఊపుతోంది కదా అని సంతోషంగా ఉందనుకోకండి. తోక నిటారుగా లేపి, బిగపట్టి, చిన్నగా వేగంగా ఊపుతుంటే అది ఉద్రిక్తత.

చిన్నప్పుడు బాగానే ఉండేది. ఏడాది వయసులో ఎందుకు మొదలైంది?

సుమారు 6 నెలల నుంచి రెండేళ్ళ దాకా కుక్కలకు యవ్వన దశ. అప్పటిదాకా భయపడి ఊరుకున్న పిల్లకి ఎదిరించే ధైర్యం వస్తుంది. దానికి తోడు పుట్టిన 3వ వారం నుంచి దాదాపు 14వ వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. టీకాలు పూర్తి కాలేదని ఆ నెలలన్నీ ఇంట్లోనే ఉంచేస్తాం. నేల మీద దింపకుండా చంకన ఎత్తుకుని బజారు, ఆటోలు, పిల్లలు, దూరం నుంచి ఇతర కుక్కలు చూపించినా చాలా మేలు జరిగేది. ఆ వయసు దాటిపోయిన కుక్కకీ నేర్పవచ్చు, కాకపోతే నెమ్మదిగా సాగుతుంది. ఒక వీధి కుక్క ఒక్కసారి కరిచినా, ఆ ఒక్క సంఘటనతోనే ఈ సమస్య మొదలవ్వచ్చు.

జాతిని బట్టి ఉంటుందా?

కొంత ఉంటుంది. కాపలా కోసం పెంచిన జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటివి కొత్తవాటిని త్వరగా అనుమానిస్తాయి. మన దేశీ కుక్కలకు తన హద్దు, పరాయి హద్దు అనే స్పృహ ఎక్కువ. అయితే లాబ్రడార్లలోనూ, పొమరేనియన్లలోనూ ఇదే సమస్య చూస్తాం. చిన్న కుక్క అరిస్తే అందరూ నవ్వి ఊరుకుంటారు కాబట్టి దాని భయం ఎవరికీ పట్టదు, పాపం.

ఒక రోజు చక్కగా నడుస్తుంది. మర్నాడు అదే చోట రచ్చ చేస్తుంది. ఎందుకు?

ఆఫీసులో మాట పడి, ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుని ఇంటికొచ్చిన మనిషి, పిల్లాడు పెన్సిల్ కింద పడేసినా విసుక్కుంటాడు. కుక్కకీ అంతే. పొద్దున్నే మిక్సీ మోత, పదింటికి కొరియర్ వాళ్ళ కాలింగ్ బెల్, మధ్యాహ్నం పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిసి సాయంత్రం వాకింగ్‌లో బయటపడతాయి. పెద్ద కంగారు పుట్టాక ఒంట్లో ఒత్తిడి దిగడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా. అందుకే పెద్ద గొడవ జరిగిన మర్నాడు వాకింగ్ తగ్గించి, ఇంట్లోనే వాసన చూసి వెతికే ఆటలు ఆడించండి. నిద్ర బాగా పోనివ్వండి. కుక్కలు రోజులో సగానికి పైగా నిద్రపోతాయి. మనం సందడిగా ఉండే ఇంట్లో వాటికి అది దక్కదు.

## బయటికి వెళ్ళే ముందు

ట్రైనింగ్ కంటే ముందు డాక్టర్‌కి చూపించాలా?

తప్పకుండా. ముఖ్యంగా ఈ ప్రవర్తన ఉన్నట్టుండి మొదలైతే. నొప్పి ఉన్న కుక్క ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. చెవిలో ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తరచుగా కనిపించే తుంటి కీలు సమస్య, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కీళ్ళనొప్పులు, చూపు తగ్గడం, ఇవన్నీ చూడాలి. మెట్లెక్కడానికి వెనకాడుతోందా, లేచేటప్పుడు కుంటుతోందా, ఒక వైపు ముట్టుకుంటే గుర్రుమంటోందా అన్నది ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. క్లినిక్‌లో టెన్షన్ వల్ల కుక్క నొప్పిని దాచేస్తుంది. మనుషుల పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రం సొంతంగా వేయకండి, ప్రాణాంతకం కావచ్చు.

ఏ లీష్ కొనాలి? మెడకి బెల్టు చాలదా?

ఎగబడే కుక్కకి మెడ బెల్టు చాలదు. లాగిన ప్రతిసారీ గొంతు నొక్కుకుంటుంది, ఆ నొప్పిని ఎదుటి కుక్కతో ముడిపెట్టుకుంటుంది. ఛాతీ మీద ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో కూర్చునే హార్నెస్ తీసుకోండి. భుజాల కదలికకు అడ్డు రాకూడదు. వీపు మీద ఒకటి, ఛాతీ మీద ఒకటి కొక్కేలుంటే మంచిది, ఛాతీ కొక్కేనికి తగిలిస్తే లాగే బలం తగ్గుతుంది. లీష్ సుమారు 6 అడుగులుండాలి. బటన్ నొక్కితే సాగే లీష్ వద్దు. అవసరమైనప్పుడు వెంటనే దగ్గరికి తీసుకోలేం, సన్నని తాడు చేతిని కోసేస్తుంది. ఇనుప గొలుసు బరువుకీ మోతకీ కుక్క ఇంకా బెదురుతుంది. ఏ లీష్‌నైనా మణికట్టుకి చుట్టుకోకండి.

ముళ్ళ కాలర్, షాక్ కాలర్ వేస్తే వారంలో దారికొస్తుందంటున్నారు. నిజమేనా?

మొరగడం ఆగొచ్చు. భయం ఆగదు. వేరే కుక్క కనిపించినప్పుడల్లా మెడలో ముల్లు గుచ్చుకుంటే, ఆ కుక్క నిజంగానే ప్రమాదమని మీ కుక్క తేల్చుకుంటుంది. గుర్రుమనడం, మొరగడం ముందస్తు హెచ్చరికలు. వాటిని శిక్షించి అణిచేస్తే, ఏ చప్పుడూ లేకుండా నేరుగా కరిచే కుక్క తయారవుతుంది. కుక్కల శిక్షణ బహుమతి పద్ధతిలోనే సాగాలని అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో స్పష్టంగా ప్రకటించింది. దీనికి రియాక్టివ్ కుక్కలేమీ మినహాయింపు కాదు. ‘నాలుగు తగిలిస్తే అదే వింటుంది’ అనే సలహా ఎంత పెద్దవాళ్ళిచ్చినా తీసుకోకండి.

మజిల్ (మూతి తొడుగు) వేయడం క్రూరత్వం కాదా?

సరైనది, సరిగ్గా అలవాటు చేస్తే కాదు. మూతిని బిగించి మూసే గుడ్డ మజిల్ నడకకి పనికిరాదు. నోరు తెరిచి వగర్చలేని కుక్క మన ఎండల్లో వడదెబ్బ తగిలి పడిపోతుంది. బుట్టలా ఉండేది కొనండి, అందులో నీళ్ళు తాగొచ్చు, ట్రీట్ తినొచ్చు. మొదట లోపల కాస్త పెరుగు రాసి అది తనంతట తాను మూతి పెట్టేలా చేయండి. రోజూ కొన్ని సెకన్లు పెంచుకుంటూ పోయి, ఆ తర్వాతే వెనక పట్టీ పెట్టండి. రెండు మూడు వారాలు తీరిగ్గా చేస్తే మజిల్ చూడగానే తోకూపుకుంటూ వచ్చే కుక్కలున్నాయి.

ట్రీట్‌గా ఏం ఇవ్వాలి? మేం శాకాహారులం.

మామూలుగా పెట్టే గింజల ఫుడ్ రోడ్డు మీద పనిచేయదు. మీ కుక్క ప్రాణం పెట్టేది కావాలి: పనీర్ ముక్కలు, చీజ్, ఉడికించిన చిలగడదుంప. ఇంట్లో అభ్యంతరం లేకపోతే ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, లివర్, గుడ్డు. శనగగింజంత ముక్క చాలు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పీనట్ బటర్ డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు కలిపే తీపి పదార్థం) అని ఉంటే దాని జోలికే పోకండి.

## నేర్పే దశ

దూరం పాటించమంటారు. ఎంత దూరం?

మీ కుక్క ఎదుటి కుక్కను చూసి కూడా మీరు పిలిస్తే తిరగగలిగేంత, ట్రీట్ మామూలుగా నమిలి తినగలిగేంత దూరం. ఒక కుక్కకి అది 20 అడుగులు, ఇంకోదానికి గ్రౌండ్ అవతలి గోడ. కొలత మీ కుక్కే చెబుతుంది. చూసి మళ్ళీ వాసన చూడటంలో పడిపోతే దూరం సరిపోయింది. గుడ్లప్పగించి చూస్తూ, నోరు మూసి, బిగుసుకుంటే తక్కువైంది, మొరిగేలోపే వెనక్కి రండి.

నా అనుభవంలో ఈ సమస్యకి దూరాన్ని మించిన మందు లేదు. మిగతా శిక్షణంతా ఆ దూరం ఉంటేనే ఎక్కుతుంది. మన సందుల్లో దూరం దొరకదని అందరూ అంటారు, అది నిజమే. అందుకే నడక వేళ మార్చుకోవాలి, ఆగి ఉన్న కార్లని, గోడలని, గేట్లని అడ్డంగా వాడుకోవాలి. కుక్కకి కనిపించకపోవడం కూడా దూరమే. బండి ఉంటే పది నిమిషాలు వెళ్ళి, ఖాళీగా ఉండే కాలేజీ గ్రౌండ్ పక్కనో, కొత్తగా వేసిన లేఅవుట్ రోడ్ల మీదో నడిపించండి.

అసలు రోజూ ఏం ప్రాక్టీస్ చేయాలి?

మొదటి వారం రోడ్డు సంగతే వద్దు. ఇంట్లో, హాల్లో, ఎవరూ లేనప్పుడు మూడు పనులు నేర్పండి. ఒకటి, మీరు ‘యెస్’ అనగానే ట్రీట్ వస్తుందని. మాట పొట్టిగా, ఎప్పుడూ ఒకేలా ఉండాలి. రెండు, ‘పద పద’ అంటే మీతో పాటు గిరుక్కున వెనక్కి తిరగడం. దీన్ని ఆటలా, నవ్వుతూ, రోజుకు పదిసార్లు చేయించండి. నిజంగా అవసరం పడిన రోజున ఆలోచించకుండా తిరగాలి. మూడు, ‘వెతుకు’ అంటే నేల మీద చల్లిన ముక్కల్ని ముక్కుతో వెతుక్కోవడం. నేలను వాసన చూస్తున్న కుక్క ఎదుటి కుక్కని గుడ్లురిమి చూడలేదు, ఒత్తిడీ దిగుతుంది.

ఆ తర్వాత బయట. సరిపడా దూరంలో నిలబడండి. మీ కుక్క ఎదుటి కుక్కని చూసిన క్షణాన ‘యెస్’ అనండి, ట్రీట్ ఇవ్వండి. మళ్ళీ చూస్తుంది, మళ్ళీ ‘యెస్’, ట్రీట్. వరుస ముఖ్యం: ముందు కుక్క కనిపించాలి, తర్వాత పనీర్ రావాలి. ముందే ట్రీట్ చూపించి దృష్టి మళ్ళిస్తే అది నేర్చుకునేదేమీ ఉండదు, పైగా పనీర్ బయటికి తీశారంటే ఏదో ముప్పుందని కనిపెట్టేస్తుంది. ఎదుటి కుక్క వెళ్ళిపోగానే ట్రీట్లు ఆపేయండి.

ఇలా చేస్తూ ఉంటే ఒక రోజు, అది అవతలి కుక్కని చూసి, మీరేమీ అనకముందే తల తిప్పి మీ ముఖంలోకి చూస్తుంది. ‘అదిగో వచ్చింది, నా పనీర్ ఏది?’ అన్నట్టు. ఆ చూపు కోసమే ఇదంతా. ఇకపై తల తిప్పాకే ‘యెస్’ అనండి. ఇలా చాలాసార్లు తేలిగ్గా చేయగలిగాక రెండు మూడు అడుగులు దగ్గరికి జరగండి. ఒక్కో సెషన్ పది నిమిషాలు చాలు. బాగా చేస్తోంది కదా అని ఇంకొకటి, ఇంకొకటి అనుకుంటూ సాగదీయకండి.

మొరిగే కుక్కకి ట్రీట్ ఇస్తే మొరగమని నేర్పినట్టు కాదా?

కాదు. భయం అనేది బహుమతి ఇస్తే పెరిగే పని కాదు. గంట మోగగానే తిండి వస్తుందని తెలిసిన కుక్కలకు గంట వింటేనే నోరూరుతుందని రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల నుంచి మనకు తెలుసు. ఇక్కడా అదే జరుగుతుంది. ఎదుటి కుక్క కనిపించడమే మంచికి సంకేతమవుతుంది. లోపలి భయం తగ్గితే మొరగాల్సిన అవసరం దానంతట అదే తగ్గుతుంది. అయినా మొరుగుతుండగా ఇవ్వాల్సిన పరిస్థితి రాకుండా దూరం నుంచే మొదలుపెట్టడం మేలు.

బయట ట్రీట్ ముక్కు దగ్గర పెట్టినా ముట్టుకోదు. ఏం చేయాలి?

అది మొండితనం కాదు. ఆకలి తెలియనంత కంగారులో ఉంది. మనుషులకైనా గుండె దడదడలాడుతున్నప్పుడు ముద్ద దిగదు కదా. వెంటనే అక్కడి నుంచి దూరం జరగండి. గేటు దాటిన దగ్గర నుంచే తినకపోతే, కొన్ని రోజుల పాటు గేటు లోపలే, పార్కింగ్‌లోనే ఆగి వాసన చూడనిచ్చి వెనక్కి రండి.

డాగ్ పార్క్‌లో పది కుక్కల మధ్య వదిలేస్తే అలవాటైపోతుందా?

వద్దు. ఈత రానివాణ్ణి బావిలోకి తోసి నేర్పే పద్ధతి కుక్కల విషయంలో తరచుగా ఎదురు తిరుగుతుంది. హైదరాబాద్‌లో కొండాపూర్ డాగ్ పార్క్ లాంటి చోటు దగ్గర్లో ఉంటే దాన్ని ఇంకోలా వాడుకోవచ్చు. లోపలికి వెళ్ళకుండా, ప్రహరీకి బాగా దూరంగా బయట నిలబడి, లోపలి కుక్కల చప్పుడు వినిపించినప్పుడల్లా ట్రీట్ ఇవ్వండి.

ఎన్నాళ్ళు పడుతుంది?

శ్రద్ధగా చేస్తే కొన్ని వారాల్లో చిన్న మార్పులు, చాలా కుక్కలకి నమ్మకమైన మార్పుకి కొన్ని నెలలు. మొరిగాక మామూలయ్యేందుకు పట్టే సమయాన్ని గమనించండి. ముందు పావుగంట పట్టేది ఇప్పుడు ఒక నిమిషం పడుతుంటే, మొరగడం ఆగకపోయినా మీరు సరైన దారిలోనే ఉన్నారు.

## వీధిలో

వీధి కుక్కలు గుంపుగా మీదకొస్తే ఏం చేయాలి?

ముందు ఒక విషయం. పట్టుకెళ్ళిన వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా చేసి తిరిగి అదే చోట వదలాలన్నది 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల పద్ధతి. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉన్న కుక్కలు ఆపరేషన్ అయినవి. అంటే మీ వీధిలోవి దాదాపు ఎప్పుడూ అవే కుక్కలు, వాటికి తమ హద్దులున్నాయి. కుక్క లేకుండా మీరొక్కరే రెండు మూడు సార్లు ఆ దారిలో నడిచి చూడండి. టీ కొట్టు దగ్గర ఏది పడుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాటితే ఏ గుంపు మొదలవుతుంది, ఎవరు ఎన్నింటికి అన్నం పెడతారు, పిల్లల తల్లి ఎక్కడుంది. పిల్లలున్న తల్లి ఉన్న సందులోకి కొన్ని వారాలు వెళ్ళనే వద్దు. ఈ లెక్క తెలిస్తే సగం గొడవలు తప్పుతాయి.

ఎదురైనప్పుడు పరుగెత్తకండి, పరుగు చూస్తే తరుముతాయి. మీ కుక్కను వెనక్కి తీసుకుని, మీరు మధ్యలో నిలబడి, గట్టి గొంతుతో ‘హే, పో’ అనండి. గుప్పెడు ట్రీట్లు మీకు దూరంగా, వాటి ముందుకు విసరండి. అవి తింటుండగా మీరు పక్కకు, వాటికి పూర్తిగా వీపు చూపకుండా నడిచి బయటపడండి. గొడుగు ఒకటి చేతిలో ఉంటే మంచిది, ఠప్పున తెరిస్తే అడ్డుగోడ అవుతుంది. మీ కుక్క గొడుగుకి బెదరకుండా ఇంట్లో ముందే అలవాటు చేయండి. రాళ్ళు, కర్రలు వద్దు. మర్నాడు అదే దారిలో మీరు నడవాలి, వాటికి మీరు గుర్తుంటారు. రోజూ అన్నం పెట్టేవాళ్ళతో పరిచయం పెంచుకుని, మీ నడక వేళకి అవి వేరే చోట తినేలా మాట్లాడుకుంటే ఇంకా మంచిది. ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు.

మూల తిరగగానే ఎదురెదురు పడిపోతే?

‘పద పద’ అని హుషారుగా గిరుక్కున తిరిగి వచ్చిన దారినే వెళ్ళిపోండి. లీష్ బిగించి, ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడితే, మీ చేతిలోని టెన్షన్ లీష్ గుండా దానికి అందుతుంది. తిరిగే చోటు లేకపోతే ఆగి ఉన్న కారు వెనక్కి వెళ్ళి ట్రీట్లు నేల మీద చల్లండి. మొరిగేస్తే మందలించకండి, బయటికి తీసుకురండి, అంతే.

‘మా కుక్క ఏమీ అనదండీ’ అంటూ అవతలి వాళ్ళు దగ్గరికి తీసుకొచ్చేస్తున్నారు. ఎలా ఆపాలి?

మర్యాదగా, కానీ వెంటనే, కాస్త దూరం నుంచే చెప్పండి: ‘సార్, ప్లీజ్ అక్కడే ఆగండి, మా కుక్కకి భయం.’ వివరంగా చెప్పడానికి ఆగితే అవతలి కుక్క వచ్చేస్తుంది. ‘ట్రైనింగ్‌లో ఉందండీ’ అన్నా చాలామంది ఆగుతారు. ఆగకపోతే మీరే తిరిగి వెళ్ళిపోండి, వాళ్ళేమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. చిన్నపిల్లలు వస్తే మాత్రం మీ కుక్కకీ పిల్లలకీ మధ్యలో మీరు నిలబడండి.

లిఫ్టులో పెద్ద గొడవైపోతోంది. ఎలా?

లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా రెండడుగుల దూరంలో ఇంకో కుక్క, లేదా చేతిలో సంచితో ఎవరో ఆంటీ. తప్పుకోవడానికి చోటే లేదు. మీ కుక్కకి ఇంతకంటే కష్టమైన చోటు అపార్ట్‌మెంట్లో లేదు. కుదిరితే మెట్లు వాడండి. లిఫ్టే దిక్కయితే ఒక్కరే ఎక్కండి, కుక్కను వెనక మూలలో తలుపుకి వీపు పెట్టి నిలబెట్టి, మీరు అడ్డంగా నిలబడి ముక్కలు ఒక్కొక్కటిగా ఇస్తూ ఉండండి. తలుపు తెరుచుకోగానే దూకకుండా ముందు మీరు తొంగి చూసి, ఖాళీ అయితేనే దిగండి. ఎవరైనా ఉంటే ‘మీరు తర్వాతదానిలో రండి, ఏమనుకోకండి’ అనేయండి. వాచ్‌మన్‌తో మంచిగా ఉంటే కింద ఇంకో కుక్క ఉందో లేదో ఇంటర్‌కామ్‌లో చెబుతాడు.

బైకులు, డెలివరీ వాళ్ళ వెంట పడుతోంది. ఇదీ అదేనా?

కొంత తేడా ఉంది. కదిలేదాన్ని తరమడం కుక్క నైజం, దానికే మజా వస్తుంది, అందుకే త్వరగా అలవాటవుతుంది. ఆగి ఉన్న బైకుతో మొదలుపెట్టండి, తర్వాత నెమ్మదిగా కదిలేది, చివరికి మామూలు వేగం. రోడ్డు వైపు మీరుండి, కుక్కను గోడ వైపు నడిపించండి.

ఇంత రిస్క్ ఎందుకు, కొన్నాళ్ళు వాకింగ్ మానేస్తే?

కొన్ని రోజులు మానేస్తే తప్పేమీ లేదు, పెద్ద గొడవ తర్వాత అది అవసరం కూడా. పాత టవల్‌లో ముక్కలు చుట్టి విప్పించడం, గదుల్లో ట్రీట్లు దాచి వెతికించడం లాంటి వాటితో బాగానే అలిసిపోతుంది. బాల్కనీ గ్రిల్ దగ్గరో గేటు దగ్గరో రోజంతా కట్టేయడం మాత్రం వద్దు. దారిన పోయే ప్రతిదాన్నీ చూసి అరిచే సాధన అక్కడే జరుగుతుంది. కుక్కని పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

వేసవిలో, పండగల్లో ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే బయల్దేరండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. దీపావళి, వినాయక నిమజ్జనం, బోనాల రోజుల్లో డప్పులు, టపాసులు మొదలవకముందే నడక ముగించండి. ఆ వారంలో కొత్త పాఠాలేవీ వద్దు.

## ఇల్లు, ఇరుగుపొరుగు

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు. నాన్నగారు అరుస్తారు, తమ్ముడు నవ్వుతాడు.

కుక్క గందరగోళపడుతుంది. అందరూ మారే వరకు ఆగకుండా, ఓపిక ఉన్న ఒకరిద్దరే నడకకి తీసుకెళ్ళండి. అందరూ ఒకే మాటలు వాడేలా ‘యెస్’, ‘పద పద’, ‘వెతుకు’ అని కాగితం మీద రాసి లీష్ తగిలించే చోట అంటించండి. నాన్నగారికి చెప్పి ఒప్పించడం కంటే, కుక్క తల తిప్పి చూసే ఆ క్షణాన్ని ఒక్కసారి ఆయనకి చూపిస్తే సరిపోతుంది.

అసోసియేషన్ వాళ్ళు కుక్కని తీసేయమంటున్నారు. అలా చెప్పొచ్చా?

నివాసితుల సంఘాలు ఎంత మెజారిటీతోనైనా పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్టు వాడకుండా అడ్డుకోకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. అదే సమయంలో మీ బాధ్యతా ఉంది. జంతువు వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. టీకా కార్డు, మున్సిపల్ లైసెన్స్ సిద్ధంగా ఉంచుకోండి. చట్టం చూపించి గొడవ పడేముందు పక్క ఫ్లాట్లవాళ్ళకి మీరేం చేస్తున్నారో చెప్పండి. కుక్కలంటే నిజంగా భయపడేవాళ్ళుంటారు, ఆ భయాన్నీ గౌరవించాలి.

గొడవలో నాకో, వేరేవాళ్ళకో పన్ను దిగింది. వెంటనే ఏం చేయాలి?

గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రేబీస్ టీకా చర్మంలోకి ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు (0 అంటే మొదటి డోసు వేసిన రోజు). చర్మం చీలి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది. పెంపుడు కుక్కే కదా, టీకా వేయించాం కదా అని డాక్టర్‌ని అడగకుండా వదిలేయొద్దు. మీ కుక్కని వీధి కుక్క కరిస్తే దాన్నీ వెంటనే పశువైద్యుడికి చూపించండి, టీకా వేయించి ఉన్నా మళ్ళీ డోసులు వేస్తారు.

## సాయం తీసుకోవాల్సి వస్తే

మంచి ట్రైనర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

‘మా కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?’ అని అడగండి. దూరం పెంచుతాను, పనిని తేలిక చేస్తాను అంటే మాట్లాడండి. ‘కరెక్షన్ ఇస్తాను’, ‘నేనే బాస్ అని చూపిస్తాను’, ‘పది రోజుల్లో గ్యారంటీ’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కుక్కని తమ దగ్గరే ఉంచుకుని నెల తర్వాత తిరిగిచ్చే పద్ధతి ఈ సమస్యకి సరిపడదు. నేర్చుకోవాల్సింది మీరు కూడా, అదీ మీ వీధిలోనే.

మందులు వాడాల్సి వస్తుందా? మత్తుగా పడి ఉంటుందేమో?

అన్ని కుక్కలకీ అవసరం లేదు. ఎంత దూరంలో ఉన్నా కంగారు దిగని, ఇంట్లో కూడా నిద్రపోలేని కుక్కలకి పశువైద్యులు ఫ్లూఆక్సెటిన్ లాంటివి రాస్తారు. ప్రభావం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఉద్దేశం మత్తు కాదు, నేర్చుకోగలిగేంత కుదురు ఇవ్వడం. మోతాదు ఎక్కువై మందకొడిగా ఉంటే డాక్టర్ సరిచేస్తారు. మీరే ఉన్నట్టుండి ఆపేయకూడదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా?

దానికోసమే అయితే ఆశ పెట్టుకోకండి. మూత్రంతో గుర్తులు పెట్టడం, ఆడకుక్కల వెంట తిరగడం తగ్గొచ్చు. భయంతో మొరిగే కుక్కకి పెద్దగా తేడా రాదు. కొన్ని బెదురు కుక్కలు ఆపరేషన్ తర్వాత ఇంకాస్త బెదురుతాయి కూడా. మీ కుక్క వయసు, ఆరోగ్యం చూసి డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

పూర్తిగా నయమవుతుందా?

కొన్ని కుక్కలు ఏ కుక్క పక్కనుంచి వెళ్ళినా పట్టించుకోని స్థితికి వస్తాయి. చాలావాటికి ఎప్పటికీ కొంత దూరం కావాలి. ఇరవై అడుగుల దూరంలో నిశ్శబ్దంగా వెళ్ళిపోగల కుక్కతో రోజువారీ జీవితం ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుంది. ప్రతి కుక్కతో స్నేహం చేయాల్సిన అవసరం దానికి లేదు.

నాకే వాకింగ్ అంటే భయం పట్టుకుంది. ఏం చేయను?

ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. రోజుకు రెండుసార్లు నలుగురిలో తలదించుకోవాల్సి వస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. వారంలో ఒకటి రెండు రోజులు ఇంకొకరికి అప్పగించండి, లేదా నడక మానేసి ఇంట్లో ఆటలు ఆడించండి. ఎప్పుడూ రద్దీగా ఉండే వేళలు వదిలేసి, పొద్దున్నే ఐదింటికో రాత్రి పదకొండింటికో పావుగంట తిప్పుకొస్తే చాలు. వాకింగ్ అంటే ఇన్ని కిలోమీటర్లు నడవాలన్న నియమం లేదు. ఖాళీ రోడ్డు మీద ఒక చెట్టు దగ్గర పది నిమిషాలు నింపాదిగా వాసన చూసుకున్నా ఆ పూటకి దాని నడక అయినట్టే.